మందుల షాపు వైఫై

ఆ మనిషి షాపులోకి వచ్చేసరికి ఆమె ఒక ముసలాయనకి చెవిలో చుక్కలు ఎలా వేసుకోవాలో చెబుతోంది. వచ్చినవాడు మామూలు బట్టల్లో ఉన్నాడు కాబట్టి అతనిదీ ఏ దగ్గో జలుబో అనుకుని, "కాస్త ఆగండి" అంది. అతను ఓపిగ్గా ఆగాడు. ముసలాయన మెట్లు దిగాక జేబులోంచి కార్డు తీసి చూపించాడు. సైబర్ నేరాలు చూసే పోలీసు ఆఫీసరు.

"ఈ ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్ మీ పేరు మీదే ఉందా అండీ?"

ఆమె పేరు మీదే ఉంది. కింద మందుల షాపు, పైన ఇల్లు. షాపు ఆమెది. భర్త గూడ్సు రైళ్ళు నడుపుతాడు. ఇంట్లో ఉన్న రోజులకంటే లేని రోజులే ఎక్కువ. పై అంతస్తులో అత్తగారు, మరిది. మరిది వీధి చివరి స్కూల్లో ఆటల మాస్టరుగా ఉండేవాడు. ఇంట్లో అన్నం తింటున్నప్పుడు కూడా మెడలో ఈల వేలాడేది కాబట్టి వీధంతా అతన్ని ఈలమాస్టారు అనేవారు.

ఆఫీసరు చెప్పిన సంగతి ఇది. కొంతకాలంగా ఆ స్కూలు పిల్లల తల్లిదండ్రులకి ఆకాశరామన్న మెయిళ్ళు వస్తున్నాయి. ప్రిన్సిపల్ గారి సర్టిఫికెట్లు దొంగవనీ, ఇంతకు ముందు పనిచేసిన చోటినుంచి ఆవిణ్ణి మెడపట్టి గెంటారనీ. విచారిస్తే అన్నీ అబద్ధాలే. కానీ అప్పటికే కొందరు పిల్లల్ని మాన్పించేశారు. ఆ మెయిళ్ళన్నీ వెళ్ళింది ఈ ఇంటి కనెక్షన్ నుంచి.

ఆఫీసరు ఫోనులో ఒక మెయిల్ తెరిచాడు. "ఇందులో ఒక మాట ఉందండీ. 'మైదానంలో ఈల ఊదినవాడికే పిల్లల విలువ తెలుస్తుంది' అని." ఆఫీసరు ఫోను జేబులో పెట్టుకుంటూ, "మీ ఇంట్లో ఈల ఊదేవాళ్ళెవరైనా ఉన్నారా?" అన్నాడు. తెలిసే అడిగాడని అతని మొహంలోనే కనిపించింది.

ఆమెకి వెంటనే మరిది గుర్తొచ్చాడు. మరిది ఉద్యోగం పోయి ఎంతోకాలం కాలేదు. ఆటస్థలంలో సగం కార్లు నిలపడానికి ఇచ్చేస్తామని ప్రిన్సిపల్ అంటే, అందరి తల్లిదండ్రుల ముందూ లేచి నిలబడి వాదించాడు. మర్నాడే పొమ్మన్నారు.

"మీ వైఫైకి పాస్‌వర్డ్ ఏమైనా ఉందా?"

ఆ ప్రశ్నకి జవాబు మెట్లమీంచి వచ్చింది. పోలీసు మాట చెవిన పడగానే అత్తగారు దిగి వచ్చేసింది. "నేనే వద్దన్నాను. మందుల కోసం వచ్చినవాళ్ళు, బస్సు కోసం కూర్చున్నవాళ్ళు వాడుకుంటారు. మన సొమ్మేం పోయింది? వీధి కుళాయికి ఎవరైనా తాళం వేస్తారా?"

"కుళాయి దగ్గర నిలబడి ఎవరూ ఎవర్నీ తిట్టరు కదమ్మా."

"నువ్వు ఎప్పుడూ కుళాయి దగ్గర నిలబడినట్టు లేదు నాయనా."

ఆఫీసరు నవ్వాపుకుని, కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంటే ముందుగా జవాబు చెప్పాల్సింది వాళ్ళేననీ, మళ్ళీ వస్తాననీ చెప్పి వెళ్ళిపోయాడు.

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. ఆ సాయంత్రం నుంచీ ఆమెకి మరిది చేసే ప్రతి పనీ వేరుగా కనిపించసాగింది. గదిలోకి టీ తీసుకువెళితే లాప్‌టాప్ మూత చటుక్కున మూసేవాడు. ఇదివరకు కూడా అలాగే మూసేవాడు, కానీ ఇదివరకు ఆమె టీ కప్పు వైపు చూసేది. "ఏం రాస్తున్నావు?" అంటే "ఏం లేదు వదినా" అనేవాడు. ఏం లేనివాడు అంతసేపు టకటకలాడిస్తాడా?

భర్తకి ఫోను చేసి చెప్పింది. అవతల ఇంజను చప్పుడులో అతను గొంతు పెంచాడు.

"వాడు అలాంటివాడు కాదు."

"నేనూ అదే అంటున్నాను."

"నువ్వు అనే తీరు అలా లేదే" అన్నాడు. మళ్ళీ తనే, "వాడికి కోపం వస్తే మాత్రం ముందూ వెనకా చూసుకోడు" అన్నాడు. ఆ రెండో మాట ఆమె మనసులో ముల్లులా దిగబడిపోయింది. సొంత అన్నకే నమ్మకం లేకపోతే బయటినుంచి వచ్చిన తనకెలా ఉంటుంది?

మర్నాడు నెట్‌వర్కులు బిగించే అతన్ని పిలిపించింది. తీగలు లేని పని చేసే అతన్ని వీధిలో అందరూ వైర్లాయన అనే పిలుస్తారు. అతనూ దిద్దడం మానేశాడు. వచ్చీ రాగానే షాపు మూల గోడకున్న రౌటర్ని చూసి, దాన్ని పెట్టినవాణ్ణి మనసులో తిట్టుకుంటున్నట్టు మొహం పెట్టాడు.

"దీని సెట్టింగుల్లోకి వెళ్ళే పాస్‌వర్డ్ కంపెనీవాడు పెట్టిందే ఉంది, మార్చనే లేదు. అంటే బెంచీ మీద కూర్చున్న ఎవడైనా లోపలికొచ్చి మీకే తలుపు వేసెయ్యగలడు."

"ఆ మెయిళ్ళు పంపిందెవరో ఇందులో తెలుస్తుందా?" అని ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"తెలీదండీ. దీనికి మతిమరుపు. నిన్న ఎవరొచ్చారో ఇవాళ గుర్తుండదు."

ఆమెకి నిరాశ కలిగింది, వెంటనే కొంచెం ఊరట కూడా కలిగింది. ఆ ఊరట ఎందుకో ఆలోచించడానికి భయపడి, "సరే, ఏం చేస్తారో చెయ్యండి" అంది.

వైర్లాయన లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని పని మొదలుపెట్టాడు. అత్తగారు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఎన్‌క్రిప్షన్ అంటే ఏమిటో చెప్పందే ఆవిడ కదలనివ్వదని అతనికి అర్థమైంది.

"ఇన్నాళ్ళూ మీరు నడివీధిలో నిలబడి గట్టిగా మాట్లాడుకుంటున్నారు పెద్దమ్మగారూ. ఎవరి చెవినైనా పడుతుంది. ఇప్పుడూ నడివీధిలోనే, కానీ ఇంకెవరికీ రాని భాషలో మాట్లాడతారు. విన్నవాడికి గోల తప్ప ముక్క అర్థం కాదు. అదే ఎన్‌క్రిప్షన్."

"ఆ భాష మాకెవరు నేర్పుతారు?"

"ఈ డబ్బా నేర్పుతుంది. నేర్పేముందు నువ్వెవరివి అని అడుగుతుంది. పేరూ, పాస్‌వర్డూ సరిపోతేనే నేర్పుతుంది. ఇంటందరికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టొచ్చు. కానీ అది ఈ నోటా ఆ నోటా పడి రేపటికల్లా వీధిలో ఉంటుంది. అందుకని మనిషికొకటి పెడతాను. ఎవరు ఎప్పుడు వచ్చారో కూడా ఇకమీదట రాసుకుంటుంది."

ఆఖరి మాటకి ఆమె తలెత్తింది. మనిషికొకటి. ఎవరు ఎప్పుడు వచ్చారో. ఆమెకి కావలసింది సరిగ్గా అదే. ఆ సంగతి తన మొహంలో కనిపించిందేమోనని మందుల అరల వైపు తిరిగింది.

అత్తగారు తన పాస్‌వర్డ్ ఏదో పైకే చెప్పేసింది. అలా చెప్పకూడదని వైర్లాయన అంటే, ఇంకోటి ఆలోచించి అదీ పైకే చెప్పింది. మూడోసారి అతను లాప్‌టాప్ ఆవిడ వైపు తిప్పి, తను వెనక్కి తిరిగి కూర్చున్నాడు. ఆవిడ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, పెదవులు కదుపుతూ నొక్కింది. ఆ పెదవులు చూస్తే ఎవరికైనా తెలిసిపోయేది.

అప్పుడే మరిది బయటినుంచి వచ్చాడు. సంగతి విని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నువ్వు కూడా ఒకటి పెట్టుకో" అంది ఆమె, మామూలుగా అంటున్నట్టు.

"నాకొద్దు వదినా."

"ఎందుకని?"

"దొంగ ఎవరో తేలేదాకా నాకు తాళంచెవి ఇవ్వకండి. రేపు ఇంకో మెయిల్ వెళితే నా మీదకి రాకూడదు కదా." నవ్వుతూనే అన్నాడు గాని ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. మెట్లెక్కి వెళ్ళిపోయాడు. వైర్లాయన స్క్రీనులోకి ఇంకా లోతుగా చూశాడు.

ఆమె ఆ మాటని ఇటు తిప్పీ అటు తిప్పీ చూసింది. తప్పు చేయనివాడు అలా అంటాడు. తప్పు చేసిన తెలివైనవాడూ అలాగే అంటాడు.

వైఫైకి తాళం పడగానే వీధిలో సగంమందికి కాలూ చెయ్యీ ఆడలేదు. ఎదురింటి దర్జీ వచ్చి, కూతురి మొహం చూసి మాట్లాడడం కుదరడంలేదని వాపోయాడు. పక్కింటి నర్సు, "ఏంటక్కా, మీ వైఫైకి ఒంట్లో బాగాలేదా?" అంది. చదువుకునే పిల్లలు ఒకరి తర్వాత ఒకరు తలనొప్పి మాత్రల మిషమీద వచ్చి అసలు సంగతి అడిగి పోయారు. వచ్చినవాళ్ళందరి మొహాల్లోకీ ఆమె పరకాయించి చూసింది. ఎవరి మొహం చూసినా అమాయకంగానే ఉంది, ఎవరి మొహం చూసినా అనుమానంగానే ఉంది.

ఒక్కడు మాత్రం ఏమీ అడగలేదు. ఆయన స్కూలు వైస్ ప్రిన్సిపల్. సాయంత్రాలు షాపు ముందు బెంచీ మీద బస్సు కోసం కూర్చునేవాడు. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు కాబట్టి అత్తగారు ఆయనకి చల్లనాయన అని పేరు పెట్టింది. మరిది ఉద్యోగం పోయినప్పుడు ఇంటికొచ్చి మరీ బాధపడి వెళ్ళాడు. ఆవిడే ఆయన్ని పిలిచి, "మీకు ఇబ్బందిగా ఉందేమో, మా కోడలితో చెప్పి ఒక పాస్‌వర్డ్ ఇప్పించనా?" అంది.

"నాకెందుకండీ? నాకు ఫోనంటే మాట్లాడుకోవడమే. ఈ ఇంటర్నెట్లవీ తెలీదు" అన్నాడాయన.

ఎంత మర్యాదస్తుడో అనుకుంది ఆమె. తర్వాత కొన్నాళ్ళకి ఆయన ఆ బెంచీ మీద కూర్చోవడం మానేశాడు. దాని గురించి ఆమె ఆలోచించనే లేదు.

మెయిళ్ళు ఆగిపోయాయి. ఆఫీసరు ఫోను చేసి ఆ మాట చెప్పాడు. సంతోషించాల్సింది పోయి ఆమెకి మనశ్శాంతి లేకుండా పోయింది. బయటివాడు రాసుంటే తాళం వేయగానే ఆగుతాయి. ఇంట్లోవాడు రాసినా ఆగుతాయి, వాడు పాస్‌వర్డే తీసుకోలేదు కదా. ఎటు చూసినా ఒక్కటే జవాబు, రెండు ప్రశ్నలు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె నోరు ఊరుకోలేదు. మరిదికి వడ్డిస్తూ, "ఆ మెయిళ్ళు ఆగిపోయాయట" అంది. అనడం ఒక్కటే అయితే ఫరవాలేదు. అంటూ అతని మొహంలోకి చూసింది.

మరిది చేతిలో ముద్ద కంచంలో వదిలేశాడు. "నేను ఆపానంటావా, మొదలే పెట్టలేదంటావా? ఏదో ఒకటి అను వదినా."

"నేనేమన్నాను?"

"అనడం లేదు. అదే నా బాధ."

అత్తగారు ఇద్దరి మొహాలూ చూసి, "తిండి దగ్గర ఏమిటర్రా" అంది. అతను చెయ్యి కడుక్కుని లేచాడు. వారం తిరక్కుండా రెండు వీధుల అవతల, లాండ్రీ షాపు పైన గది తీసుకుని సామాను సర్దుకున్నాడు. తల్లి ఏడ్చినా ఆగలేదు. ఆవిడ కోడల్ని ఒక్క మాట అనలేదు, కానీ ఆ పూట నుంచి "అమ్మాయ్" అని పిలవడం మానేసి, పని ఉంటే దగ్గరికొచ్చి చెప్పేది.

అంతలో మళ్ళీ మెయిళ్ళు మొదలయ్యాయి. ఈసారి లాండ్రీ షాపు కనెక్షన్ నుంచి. అక్కడా తాళం లేదు.

డ్యూటీ దిగి ఇంటికొచ్చిన భర్త ఆ సంగతి విని తల పట్టుకున్నాడు. "వాడెక్కడికెళితే అవీ అక్కడికే వెళుతున్నాయి. ఇంకేం కావాలి? ఆఫీసరు రేపు పిలిపిస్తాడట. ముందే వెళ్ళి ఒప్పుకోమని నువ్వే చెప్పు. నేను చెబితే కొట్టుకుంటాం."

ఆమె సాయంత్రం షాపు మూసి బయల్దేరింది. దారంతా ఏం మాట్లాడాలో కూడబలుక్కుంది. ఒప్పుకో నాయనా, చిన్నవాడివి, కోపంలో చేశానంటే వదిలేస్తారు. ఆ మాటలు నోటికి వస్తున్నకొద్దీ తనకే చేదుగా ఉన్నాయి. తను కాపురానికి వచ్చిన కొత్తలో, ఇరవై ఏళ్ళ కుర్రాడిగా, షాపు అరలన్నీ ఒంటిచేత్తో మోసుకొచ్చి బిగించినవాడు. కోపం వస్తే అరుస్తాడు. మొహం మీద అరుస్తాడు. అందుకే ఉద్యోగం పోయింది. మొహం మీద అరిచేవాడు చాటున కూర్చుని పేరు లేని ఉత్తరాలు రాస్తాడా? ఈ ప్రశ్న ఆమెకి అప్పుడే, ఆ వీధి మలుపులోనే మొదటిసారి తట్టింది.

లాండ్రీ దగ్గరకొచ్చేసరికి షాపు ముందు ప్లాస్టిక్ కుర్చీలో చల్లనాయన కూర్చుని ఉన్నాడు. తల వంచుకుని, ఫోను మీద రెండు బొటనవేళ్ళూ పరుగులు పెట్టిస్తున్నాడు. మాట్లాడుకోవడానికే ఫోనన్న మనిషి వేళ్ళు అంత చురుగ్గా ఉంటాయని ఆమె అనుకోలేదు.

ఆమె దగ్గరికి వెళ్ళి నిలబడింది. "నమస్కారం మాస్టారూ. మీ బస్సు ఈ వీధిలోకి రాదే?"

ఆయన తేలు కుట్టినట్టు తలెత్తాడు. ఫోను ఒళ్ళో బోర్లా పెట్టాడు. "ఇస్త్రీ బట్టల కోసం అమ్మా. ఇంకా కాలేదంటేను కూర్చున్నాను."

లోపల బట్టలు మడతపెడుతున్న లాండ్రీ ఆవిడ ఆ మాట వింది. "మీరు నాకు బట్టలెప్పుడిచ్చారండీ? ఫోన్ మాట్లాడుకోవాలి, కాసేపు కూర్చుంటానంటే కుర్చీ వేశాను. రోజూ వస్తున్నారు గాని ఒక్క చొక్కా ఇచ్చింది లేదు."

ఆయన మొహంలో రంగు మారింది. గొంతు మాత్రం ఎప్పటిలా చల్లగానే ఉంది. "అయితే వేరే షాపు అనుకున్నానేమో. వస్తానమ్మా" అని లేచి, వెనక్కి చూడకుండా నడిచాడు. ఆమె పిలవలేదు, కేక పెట్టలేదు. అక్కడే నిలబడి ఆఫీసరుకి ఫోను చేసింది.

"నిన్నటిదాకా అందరూ మీ మరిదే అన్నారు, ఇవాళ మీరు ఈయన అంటున్నారు" అన్నాడు ఆఫీసరు.

"నిన్నటిదాకా మీరూ అదే అన్నారు కదండీ. ఈయనకి ఇంటర్నెట్ రాదని మా అత్తగారితో చెప్పాడు. మా బెంచీ మానేసి మా మరిది ఉన్న చోటికే ఎందుకొచ్చాడో అడగండి. అంతే నేను చెప్పేది."

ఆఫీసరు అడిగాడు. మొదట ఆయన ఆశ్చర్యపోయాడట, తర్వాత బాధపడ్డాడట, ఫోను చూపించమనేసరికి మాట పడిపోయిందట. ఆ మెయిల్ ఖాతా ఆ ఫోనులోనే తెరిచి ఉంది. ప్రిన్సిపల్ వెళ్ళిపోతే ఆ కుర్చీ తనదే కావాలి. ఆటస్థలం గొడవప్పుడు ఈలమాస్టార్ని పొమ్మనమని ప్రిన్సిపల్ చెవిలో ఊదిందీ ఆయనే. కోపంతో పోయినవాడి మీదకి నేరం సులువుగా పోతుందని, వాళ్ళ ఇంటి ముందే కూర్చుని, వాళ్ళ వైఫై మీదే, వాడి ఈల మాట పెట్టి మరీ రాశాడు. అన్న, వదిన, వీధి, పోలీసులు అందరూ ఏమనుకుంటారని ఆయన లెక్క వేశాడో సరిగ్గా అదే అనుకున్నారు. ఆ సంగతే ఆమెకి అన్నిటికంటే సిగ్గనిపించింది.

ఆమె మళ్ళీ లాండ్రీ మెట్లెక్కింది. మరిది తలుపు తీసి పక్కకి జరిగాడు గాని రమ్మనలేదు. ఉన్న ఒక్క కుర్చీ మీదా బట్టలున్నాయి. ఆమె నిలబడే మాట్లాడింది.

"తప్పు నాది. నేను నిన్ను అనుమానించాను."

"తెలుసు."

"లాప్‌టాప్ మూసేసేవాడివి. అదీ ఒక కారణం."

"ఉద్యోగాల కోసం రాస్తుండేవాణ్ణి. ఒక్కో స్కూలూ వద్దని జవాబిస్తోంది. అవి నీ కంటబడితే మర్నాడు కంచంలో ఇంకాస్త ఎక్కువ వడ్డిస్తావు. ఆ జాలి నాకొద్దనిపించింది." తర్వాత, "నువ్వు నన్ను అడిగుంటే చెప్పేవాణ్ణి వదినా. అడగలేదు. నీ కళ్ళే అడిగాయి. కళ్ళకి ఏం జవాబు చెప్పను?"

ఆమె అతన్ని ఇంటికి రమ్మంది. రానన్నాడు. కోపంగా అనలేదు, ఆ గది బాగుందని, గాలి వస్తుందని చెప్పాడు. ఆమె మెట్లు దిగుతుంటే ఫోను లైటు వేసి పట్టుకున్నాడు.

స్కూలువాళ్ళు అతన్ని మళ్ళీ పిలిచారు. ప్రిన్సిపల్ స్వయంగా వచ్చి మాట్లాడింది. ఆటస్థలం జోలికి పోమని పిల్లల ముందు చెబితేనే వస్తానన్నాడు. ఆవిడ రెండు రోజులు బిగుసుకుని, మూడో రోజు చెప్పింది. భర్త తమ్ముడి దగ్గరికి వెళ్ళి ఏం మాట్లాడాడో ఇంట్లో చెప్పలేదు, కళ్ళు మాత్రం ఎర్రబడి ఉన్నాయి. అత్తగారు ఆమెని మళ్ళీ "అమ్మాయ్" అనడానికి ఇంకొంచెం కాలం పట్టింది.

ఆదివారాలు మరిది భోజనానికి వచ్చేవాడు. తల్లితో నవ్వేవాడు, అన్నతో వాదించేవాడు, ఆమె ఏమైనా అడిగితే "ఆ", "ఊ" అనేవాడు. ఆమె ఆ "ఊ"లతోనే సరిపెట్టుకుంది. ఇంకా కావాలనడానికి తనకి హక్కు లేదనుకుంది.

ఒక మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు అతను కుంటుకుంటూ వచ్చాడు. పిల్లలకి పరుగు నేర్పుతూ గుంటలో కాలు వేశాడట. చీలమండ గుమ్మడికాయలా వాచింది.

"కట్టు గుడ్డ ఒకటి ఇవ్వు వదినా, నేనే కట్టుకుంటాను."

"నువ్వు కట్టుకుంటే మెడకి కట్టుకుంటావు. కూర్చో."

అతను స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె కింద కూర్చుని అతని మడమ ఒళ్ళోకి తీసుకుంది. ఐసు పెట్టి, తుడిచి, కట్టు చుట్టడం మొదలుపెట్టింది.

"ఎలా జరిగింది?" అంది.

"చిన్నపిల్ల ఒకతి ఉంది. పరిగెత్తమంటే పక్కకి పరిగెడుతుంది. దాని వెనకాల పడ్డాను." ఆగి, "ఎంత చెప్పినా తిన్నగా పరిగెత్తదు వదినా. కానీ దాన్ని పట్టుకోవడం ఎవరి తరం కాదు" అన్నాడు.

ఆ పిల్ల గురించి ఇంకా చాలా చెప్పాడు. ఆమె కట్టు బిగుతు ఎక్కువైందేమోనని ఒకసారి విప్పి, మళ్ళీ మొదటినుంచి చుట్టింది.